రెండు దెబ్బలు

లారీ నడపడం ఎవడైనా నేర్చుకుంటాడు, ఆపడమే అసలు విద్య అనేవాడు జాగా మామ. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన బండి మీద పడ్డ గీతలన్నీ రాత్రి హాల్టుల్లో పడ్డవే. రోడ్డు మీద ఒక్కటీ పడలేదు. అందుకే ఏ హాల్టులోకి వెళ్లినా ముందు కిటికీలోంచి తల బయటపెట్టి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసేవాడు.

"గేటు దగ్గర ఆపితే లోపలికొచ్చే ప్రతి బండీ నీ మూతి రాసుకుని పోతుంది. స్నానాల గదుల పక్కన ఆపావా, తెల్లవార్లూ చెప్పుల చప్పుడే. ఐస్ లారీ పక్కన పడుకుంటే దాని మోటారు నీ చెవిలో కాపురం పెడుతుంది. ఇక పశువుల లారీ సంగతి నేను చెప్పక్కర్లేదు, నీ ముక్కే చెబుతుంది" అని కొత్త డ్రైవర్లకు పాఠం చెప్పేవాడు. ఆయనకు కావలసింది మూల జాగా. తోక గోడకు ఆని ఉండాలి, తలుపుల మీద ఎవడూ చెయ్యి వెయ్యలేకుండా. మూతి బయటికి తిరిగి ఉండాలి, తెల్లారగానే తాళం తిప్పి పోయేలా. పైన దీపం ఉండాలి. అలాంటి చోటు దొరికితే ఆయన ముఖం వెలిగేది. అందుకే ఆయనకు జాగా మామ అన్న పేరు వచ్చింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంట్లో కూడా మిగల్లేదు.

ఇంత తెలిసిన మనిషి కూతురి సంబంధం దగ్గర మాత్రం బోల్తా పడ్డాడని భార్య ఎత్తిపొడిచేది. "బండికి చూసినట్టు పిల్లకి కూడా నాలుగు వైపులా చూసి ఉంటే బాగుండేది" అనేది. అల్లుడు చెడ్డవాడేం కాదు. కష్టపడతాడు, తాగడు, అద్దం మీద మరక ఉంటే తన చొక్కాతోనైనా తుడుస్తాడు. కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండేళ్ల కిందట కాటా దగ్గర వరుస తప్పించాడని ఒక గుమాస్తా దవడ విరగ్గొట్టాడు. కోర్టు హెచ్చరించి వదిలింది. ఇంకొక్కసారి చెయ్యి లేచిందంటే పాతదీ కొత్తదీ కలిపి లోపల వేస్తామంది. కూతురు బిడ్డను చంకన వేసుకుని పుట్టింటికి వచ్చి కూర్చుంది.

"నా బండి ఎక్కించుకుంటానమ్మా. నా కళ్ల ముందే ఉంటాడు. వాడి చెయ్యి లేవనివ్వను" అని మాటిచ్చాడు మామ. ఆ మాట మీదే ఆ పిల్ల మళ్లీ కాపురానికి వెళ్లింది. పదకొండు నెలలు గడిచాయి. ఈ పదకొండు నెలల్లో మామ బండిని కాచింది తక్కువ, అల్లుడి చేతుల్ని కాచింది ఎక్కువ.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు హాల్టులోకి వచ్చేసరికి గీతలు గీసిన గళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి. డ్రైవింగ్ గంటలు లెక్కపెట్టే పెట్టె కేబిన్‌లో ఎర్రగా మిణుకుతోంది. ఇంకో ఇరవై నిమిషాలు మించి ఇద్దరిలో ఎవరూ చక్రం కదపకూడదు. మామ తల బయటపెట్టి చూశాడు. చిట్టచివర, రెండు గోడలు కలిసే చోట, దీపస్తంభం కింద ఒక గడి ఖాళీగా ఉంది. స్తంభం అడ్డు కావడంతో అందులోకి వెనక్కి పోవడం చేతగాక అందరూ వదిలేశారు.

"అల్లుడూ, మనకోసమే కన్నెపిల్లలా కూర్చుని ఉంది చూడు" అన్నాడు మామ మురిసిపోతూ.

మూతి తిప్పడం మొదలుపెట్టాడో లేదో, అవతలి వరుస నుంచి దుంగలు మోసే పొడుగు లారీ ఒకటి వచ్చి దారికి అడ్డంగా ఆగింది. నంబరు చూస్తే చాలా దూరపు బండి. దాని డ్రైవరు కిందికి దూకాడు. నలభై ఏళ్లవాడు, మెడ లేదు, తల నేరుగా భుజాల మీదే మొలిచినట్టుంది.

"ఆ జాగా మాది. ఇందాకే చూసుకున్నాం" అన్నాడు.

"చూసుకుంటే మీదైపోతుందా? బండి తిరిగింది మాది" అంటూ అల్లుడు కూడా దిగాడు.

"నువ్వు ఎక్కు, నేను మాట్లాడతా" అని మామ లోపలి నుంచి అరిచాడు. అల్లుడు ఎక్కలేదు. కానీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అది చూసి మామకు ప్రాణం కుదుటపడింది.

దుంగల డ్రైవరు కేబిన్ వైపు వేలు చూపించి, "కాటికి కాళ్లు చాపిన ముసలాణ్ణి స్టీరింగ్ మీద పెట్టుకుని మా మీదికి వస్తారేంట్రా?" అన్నాడు. అల్లుడు పళ్లు బిగించాడు. రెండోసారి వాడు ఇంకా పెద్ద మాట అన్నాడు. అప్పుడూ ఓర్చుకున్నాడు. మూడోసారి వాడు మాట అనకుండా అల్లుడి ఛాతీ మీద చెయ్యి వేసి తోశాడు.

అల్లుడి పిడికిలి ఎప్పుడు లేచిందో మామకు కనబడలేదు. దుంగల డ్రైవరు నోట్లోంచి రక్తం, దాంతోపాటు తెల్లగా ఏదో ఊడిపడటం మాత్రం కనబడింది. వాడు పడలేదు. వెనక్కి తిరిగి, దుంగల గొలుసులు బిగించే ఇనుప కడ్డీ లాగి, వచ్చిన ఊపులోనే అల్లుడి నుదుటి మీద వేశాడు. కనుబొమ్మ చీలి చర్మం కంటి మీదికి వేలాడింది. అల్లుడు ఎద్దులా రంకె వేసి వాడి నడుం పట్టుకుని గోడకేసి గుద్దాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. మోకాలితో పొట్టలో పొడిచాడు. వాడు అల్లుడి చెవి కొరికి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కింద పడ్డారు. బూట్లు, మోచేతులు, దుమ్ము తప్ప ఏది ఎవరిదో తెలియడం లేదు.

మామ దిగి పరుగెత్తి అల్లుణ్ణి వెనకనుంచి వాటేసుకున్నాడు. ఆ పెనుగులాటలో అల్లుడి మోచెయ్యి ఆయన మూతికే తగిలి పెదవి చిట్లింది. దుంగల డ్రైవరు తమ్ముడే ఆ బండిలో రెండో డ్రైవరు. వాడొచ్చి అన్నను లాగాడు. చుట్టుపక్కల డ్రైవర్లు నలుగురు చేతులు వేస్తే గానీ విడిపోలేదు. హాల్టు మేనేజరు పరుగున వచ్చి, ముందు తిరిగిన మూతి ఎవరిదో కనుక్కుని, ఆ చోటు మామదేనని తేల్చి, దుంగల లారీని వెనక మైదానంలోకి పొమ్మన్నాడు. అన్నదమ్ములు వీళ్లని తిడుతూ నడిచారు. అన్న కుంటుతున్నాడు. పెనుగులాటలో ఒక కాలి బూటు ఊడిపోయిన సంగతి వాడింకా చూసుకోలేదు.

"చూశారుగా, వాడే ముందు చెయ్యి వేశాడు" అన్నాడు అల్లుడు వగరుస్తూ.

"చూశా. కోర్టు చూడలేదుగా. పద, ఇంకెక్కడైనా రోడ్డు పక్కన ఆపుకుందాం."

"ఇంత రక్తం కారాక వదిలేసి పోదామా మామయ్యా?"

నిజం చెప్పాలంటే మామకూ వదలబుద్ధి కాలేదు. అంత మంచి జాగా నెలకోసారి దొరకదు. పైగా గెలిచిన జాగా. పెట్టెలో ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. బుద్ధి పొమ్మంది, ముచ్చట ఉండమంది. ముచ్చటే గెలిచింది. ఆయన మళ్లీ స్టీరింగ్ ఎక్కాడు.

"నేను వెనక ఉంటా, రండి" అని అల్లుడు తోక వైపు వెళ్లాడు.

పెట్టె లాంటి బండికి వెనక ఏముందో అద్దాల్లో కనబడదు. వెనక నిలబడ్డవాడి చెయ్యే డ్రైవరుకు కన్ను. బాడీ మీద రెండు దెబ్బలు కొడితే రా, ఒక్క దెబ్బ కొడితే ఆగు. మామ ఎరిగిన అన్ని రోడ్ల మీదా, అన్ని హాల్టుల్లోనూ అంతే. అరుపులు నమ్మడానికి లేదు, చుట్టూ ఇంజన్ల మోతలో ఎవడి అరుపు ఎవడికి వినబడుతుంది? రేకు మీద దెబ్బ మాత్రం ఛాసిస్ గుండా పాకి, డ్రైవరు వెన్నులోకే వస్తుంది.

రెండు దెబ్బలు వినబడ్డాయి. మామ వెనక్కి వచ్చాడు. స్తంభం తప్పించాడు, చక్రం తిప్పాడు, సగానికి వచ్చి ఆగాడు. కొద్ది క్షణాలు ఏమీ వినబడలేదు. మళ్లీ రెండు దెబ్బలు. మామ మెల్లగా వచ్చాడు. మళ్లీ రెండు, ఈసారి గట్టిగా. ఇంకొంచెం వచ్చాడు. మళ్లీ రెండు, మళ్లీ రెండు, ఊపిరి తీసుకోకుండా. అంత తొందరపెడుతున్నాడంటే వెనక ఇంకా చాలా చోటుందన్నమాట అనుకుని మామ క్లచ్ మరికాస్త వదిలాడు.

బండి దేనికో ఆనింది. గోడకు ఆనితే టక్కుమంటుంది. ఇది అనలేదు. ఆ తర్వాత అరుపు వచ్చింది. ఇంజన్ల మోతను చీల్చుకుని మరీ వచ్చింది.

మామ దిగి తోక దగ్గరికి వెళ్లేసరికి దుంగల డ్రైవరు గోడకూ తలుపుకూ మధ్య నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడు అనకూడదు, నిలబెట్టబడ్డాడు. ఛాతీ మందం ఉండాల్సిన చోట బెత్తెడు కూడా లేదు. ముక్కులోంచి, చెవుల్లోంచి రక్తం కారుతోంది. ఒక కాలికి బూటు ఉంది. రెండో బూటు చేతిలో ఉంది. దానికోసమే వచ్చాడు, పాపం. కళ్లు తెరిచే ఉన్నాయి, మామనే చూస్తున్నాయి. అవతలి పక్కన అల్లుడు నోరు తెరుచుకుని, ముఖం నిండా రక్తమూ నీళ్లూ కలిసి కారుతుంటే కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

మామ తిరిగి కేబిన్‌కు పరుగెత్తి బండి ముందుకు లాగాడు. మనిషి గోడ వెంట జారి కూలిపోయాడు. మామ వాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. వాడేదో అనబోయాడు. మాట రాలేదు, నురగ వచ్చింది. అంబులెన్సు కూత గేటు దాకా వచ్చేసరికి ప్రాణం పోయింది.

తమ్ముడు వచ్చి అన్నను చూశాడు. మామ జుట్టు పట్టుకుని లేపి ముఖం మీద గుద్దాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు మామకే వినబడింది. కింద పడ్డాక డొక్కల్లో తన్నాడు. మామ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అల్లుడు ముందుకు రాబోతే "కదిలావో చంపేస్తా" అని మామ కింద నుంచే అరిచాడు. అందరూ కలిసి తమ్ముణ్ణి ఎత్తుకుపోయారు. వాడు దూరం నుంచి కూడా గాలిలో తన్నుతూనే ఉన్నాడు.

పోలీసులు శవం చుట్టూ సుద్దతో గీత గీస్తుండగా మామ అల్లుడి చొక్కా పట్టుకుని స్నానాల గదుల వెనక్కి ఈడ్చుకెళ్లాడు.

"రెండెందుకు కొట్టావు?"

"నేను కొట్టలేదు మామయ్యా. మొదటి రెండే నావి. కంట్లోకి రక్తం కారి ఏం కనపడలేదు. కడుక్కుని వద్దామని కుళాయి దగ్గరికి వెళ్లా."

"నాకు చెప్పకుండా తోక వదిలి వెళ్లావా?"

"మీరు ఆగే ఉన్నారు కదా. చిటికెలో వచ్చేద్దామనుకున్నా."

"మరి ఎవడు కొట్టాడు? చచ్చినవాడు తనే రమ్మని కొట్టుకున్నాడా?"

దానికి జవాబు ఒక్కటే అనిపించింది మామకు. గోడకూ బండికీ మధ్య శత్రువు దొరికాడు, వీడు బాడీ మీద రెండు కొట్టి తన చేత చంపించాడు. కడ్డీ అక్కర్లేకుండా, పిడికిలి అక్కర్లేకుండా, మామ చేతినే తన చెయ్యి చేసుకున్నాడు. అలా అనుకోగానే మామకు ఒళ్లు మండిపోయింది. అల్లుడి తల పట్టుకుని గోడకేసి కొట్టాడు. చెంపల మీద, మెడ మీద, చీలిన కనుబొమ్మ మీద కొట్టాడు. బెల్టు తీసి ఇత్తడి బిళ్ల వైపుతో వీపు మీద బాదాడు. కింద పడితే వేళ్ల మీద తొక్కాడు. ఏదో విరిగింది. ఈ ముసలి ఒంట్లో ఇంత రాక్షసుడు ఎక్కడ దాక్కున్నాడో ఆయనకే తెలియదు.

ఎదుటివాడు భుజం తాకితే ఊరుకోని అల్లుడు ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు. మోకాళ్ల మీద లేచి, విరిగిన వేళ్లు పొట్టకు హత్తుకుని, "కొట్టండి మామయ్యా. కానీ నమ్మండి. మీరే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడు?" అని ఏడ్చాడు.

మామ నమ్మలేదు. బెల్టు మళ్లీ పెట్టుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. వీణ్ణి పట్టిస్తే కూతురి సంసారం పోతుంది, బిడ్డకు హంతకుడి కొడుకన్న పేరు మిగులుతుంది. మాటిచ్చింది తను. కాయలేకపోయింది తను.

"నోరు మూసుకో. ఎవరడిగినా ఒక్క దెబ్బే కొట్టానను. ఆగమనే కొట్టానను" అన్నాడు.

హాల్టు ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టరు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. మామ ముక్కులో దూది కుక్కుకుని, నోటితో ఊపిరి పీలుస్తూ చెప్పాడు.

"వెనక నుంచి ఆగమని కొట్టారండి. ఒక్క దెబ్బ. నాకు వినబడింది. నేనే ఆపలేదు. గొడవతో ఒళ్లు వణుకుతోంది, కాలు నా మాట వినలేదు."

"కొట్టింది మీ అల్లుడేనా?"

"అతనేనండి. తన పని తను చేశాడు. తప్పు నాది."

"పెద్దాయనా, ఇది రాస్తే మీరు లోపలికి పోతారు. తెలుసా?"

"తెలుసండి."

ఇన్‌స్పెక్టరు రాయడం మొదలుపెట్టాడు. శవాన్ని తీసుకెళ్లే బండికి మైదానంలో దుంగల లారీ అడ్డంగా ఉంది. తమ్ముడు స్టీరింగ్ పట్టుకునే స్థితిలో లేడు. ఇక్కడి డ్రైవరే ఒకడు ఎక్కి కూర్చుంటే, తమ్ముడు వెనక నిలబడి చూపిస్తున్నాడు. ఆఫీసు కిటికీలోంచి మామకు అంతా కనబడుతోంది. లారీ వెనక్కి వస్తోంది. దాని వెనకే మంచినీళ్ల ట్యాంకు ఉంది.

తమ్ముడు లారీ వెనకున్న ఇనుప అడ్డపట్టీ మీద రెండు దెబ్బలు కొట్టాడు.

లారీ వస్తూనే ఉంది.

మళ్లీ రెండు కొట్టాడు, ఇంకా గట్టిగా. లారీ ఇంకా వచ్చింది. తమ్ముడు పక్కకు దూకాడు. దుంగల మొనలు ట్యాంకులోకి దిగబడి నీళ్లు బయటికి చిమ్మాయి. వాడు పరుగెత్తుకెళ్లి డ్రైవర్ని కాలర్ పట్టుకుని కిందికి లాగాడు.

"ఆగమంటుంటే వస్తావేంట్రా? నన్ను కూడా చంపుతావా?"

"నువ్వేగా రెండు కొట్టావు!"

"రెండు కొడితే ఆగాలిరా! ఒకటి కొడితే రావాలి, రెండు కొడితే ఆగాలి! మీకేం తెలుసురా బండి నడపడం!"

గుమిగూడిన డ్రైవర్లు ఎక్కడివాళ్లు అక్కడ నిలిచిపోయారు. తను ఏమన్నాడో తమ్ముడికి ఇంకా తెలియలేదు, ఆ డ్రైవర్ని కొడుతూనే ఉన్నాడు. తెలిసింది వాళ్లకు. మామకూ తెలిసింది.

ఆయనకు ఆ రెండు దెబ్బలూ రేకు మీద మళ్లీ మళ్లీ వినబడ్డాయి. రెండు, మళ్లీ రెండు, మళ్లీ రెండు. ఆగు, ఆగు, ఆగు అని తన భాషలో బతిమాలాడు ఆ మనిషి. ప్రతిసారీ ఈయన రమ్మన్నాడనుకుని వెళ్లాడు. తొందరపెడుతున్నాడనుకుని ఇంకా తొందరగా వెళ్లాడు.

తలుపు నెట్టుకుని అల్లుడు లోపలికి వచ్చాడు. చెయ్యి బూరెలా ఉబ్బిపోయింది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"విన్నారా మామయ్యా? విన్నారుగా! చెప్పండి సారుకి. రెండు వినబడ్డాయని చెప్పండి. చచ్చినవాడే కొట్టాడని చెప్పండి!"

"నువ్వు కొట్టలేదురా" అన్నాడు మామ. మాట కంటే ముందు ఏడుపు వచ్చింది. "నువ్వు కొట్టలేదు. కొట్టింది నేను. నిన్ను కొట్టకూడనట్టు కొట్టాను."

ఇన్‌స్పెక్టరు కలం ఆపి ఇద్దర్నీ చూశాడు. "ఏంటీ రెండు దెబ్బల గోల? చెప్పిందాంట్లో ఏమైనా మార్చాలా?"

మామ కాగితం వైపు చూశాడు. రెండు అని రాయిస్తే, అవి చచ్చినవాడి దెబ్బలేనని సాక్ష్యం చెప్పేదెవరు? వెనక నిలబడాల్సినవాడు అల్లుడు. చావుకు కాసేపటి ముందు అదే మనిషిని అదే గోడకేసి గుద్దిందీ అల్లుడే, పాత కేసు ఉన్నదీ అల్లుడికే. ఈ హాల్టులో ఏ డ్రైవర్ని అడిగినా రెండు దెబ్బలంటే రమ్మనే అంటాడు. కానీ మామ ఆగింది ఆ లెక్క దగ్గర కాదు. గోడ వెంట జారిన ఆ మనిషి కళ్ల దగ్గర ఆగాడు.

"సారుకి చెప్పండి మామయ్యా" అన్నాడు అల్లుడు మళ్లీ, పిల్లాడిలా.

"ఏమీ మార్చక్కర్లేదండి" అన్నాడు మామ. "ఆగమనే కొట్టాడు. నాకు వినబడింది. నేనే ఆపలేదు."

ఇన్‌స్పెక్టరు కాగితం ఆయన వైపు తిప్పాడు. ఇందాక అల్లుణ్ణి కాయడానికి చెప్పిన అబద్ధం అక్షరం మారకుండా అందులో ఉంది. ఆగమని కొట్టారు, నేనే ఆపలేదు అన్న ఆ మాటలో ఇప్పుడు తనకు అబద్ధం కనబడలేదు. మామ కలం తీసుకుని సంతకం పెట్టాడు.